తలుపు కింద నీడలు

కూతురు రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి మేస్త్రి వంటింటి నేల మీద స్టవ్వు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. స్టవ్వుకి ఏ రోగమూ లేదు. చేతులకి పని లేకపోవడమే రోగం. లిఫ్టులు బాగుచేసి బతికిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ ఒకసారి విప్పి బిగించాడు. భార్య పోయాక రెండోసారి మొదలుపెట్టాడు.

"టీ ఫ్లాస్కులో ఉంది," అన్నాడు తలెత్తకుండా.

ఆమె చెప్పులు విడిచి, బ్యాగు కుర్చీలో పడేసి, గ్లాసులో టీ పోసుకుంది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం ఆమెది. ఏడాదిగా రాత్రి డ్యూటీయే అడిగి వేయించుకుంటోంది. రాత్రంతా మేలుకుని, పగలు పడుకుని, మధ్యలో దొరికిన కాస్త తీరికలో దయ్యాల కథలు రాస్తుంది. ఆ అలవాటు అంటించింది మేస్త్రి చెల్లెలే. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన ఆ టీచరమ్మకి ముసలితనంలో దయ్యాల పిచ్చి పట్టింది. తనకి పట్టింది చాలక మేనకోడలికీ పట్టించింది. మేస్త్రికి ఆ కథలంటే ఒళ్ళు మంట. ఉన్న ఏడుపు చాలదన్నట్టు లేని భయాలు కూడా రాసుకోవాలా అంటాడు.

"నాన్నా, ఇవాళ మనింట్లోనే కూర్చుంటున్నాం. అత్త వాళ్ళింటికి రంగులేస్తున్నారు."

"ఎవరు? మీ దయ్యాల ముఠానా?"

"దయ్యాలు రావు. రాసేవాళ్ళు వస్తారు."

"తేడా ఏముంది? రెండూ పనీపాటా లేకుండా జనాన్ని పట్టుకునేవేగా."

మామూలుగా అయితే ఆమె ఒక మాట అంటించేది. ఇవాళ అనలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆస్పత్రి వెనకవీధిలో గది చూసుకున్నాను. సాయంత్రం వెళ్ళిపోతాను."

స్క్రూడ్రైవరు ఆగలేదు. ఇంకో చుట్టు తిరిగింది.

"ఎందుకో?"

"నిద్ర కోసం."

"ఈ ఇంట్లో నిద్ర కరువైందా?"

"నువ్వే చెప్పు. నేను కన్ను మూస్తే చాలు, వంటింట్లో ఏదో ఒకటి పడుతుంది. మొన్న మూత. నిన్న బకెట్టు. అంతకుముందు పెద్ద గిన్నె, అది దొర్లుకుంటూ హాల్లో దాకా వచ్చింది."

"చెయ్యి జారింది."

"రోజూనా?"

"ముసలి చేతులు. జారతాయి."

అది అబద్ధం. అరచేతి వెడల్పు ఇనుపబద్దె మీద నిలబడి, కాళ్ళ కింద పది అంతస్తుల చీకటి పెట్టుకుని పనిచేసిన చేతులవి. ఒక్క నట్టు కూడా జారవిడవలేదని పేరు. కూతురికి ఆ సంగతి తెలుసు. ఆమెకి తెలుసని అతనికీ తెలుసు. ఇద్దరూ ఆ అబద్ధాన్ని అక్కడే నేల మీద వదిలేశారు.

"వెళ్తే వెళ్ళు," అన్నాడు మేస్త్రి. "తాళంచెవి మేకుకి తగిలించి పో. బుద్ధి పుట్టినప్పుడల్లా వచ్చిపోవడానికి ఇది బస్టాండు కాదు."

"సరే."

ఆమె తన గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు, బట్టలు మడతపెట్టే చప్పుడు వినిపించాయి. మేస్త్రి బిగించిన స్టవ్వుని మళ్ళీ విప్పాడు.

*

ముఠా వచ్చింది. ముఠా అంటే కూతురు కాక ముగ్గురు. ముందుగా టీచరమ్మ. ఆమె వెనక అంబులెన్సు నడిపే డ్రైవరు. భుజాలు తలుపు పట్టనంత మనిషి. చివర మందుల షాపమ్మాయి, పెళ్ళై ఏడాది కాని కోడలు. షాపు గల్లా దగ్గర కూర్చుని, రద్దీ లేనప్పుడు రాస్తుంది.

"అన్నయ్యా, ముఖం అలా గంటు పెట్టుకోకు. దయ్యాలు కూడా భయపడతాయి," అంది టీచరమ్మ లోపలికి వస్తూనే.

"మీ ముఠా వెళ్ళేదాకా నా ముఖం ఇలాగే ఉంటుంది."

"అయితే సాయంత్రం దాకా భరించాలి."

"బాబాయ్, ఏం బాగుచేస్తున్నారు?" అన్నాడు డ్రైవరు వంటింట్లోకి తొంగిచూసి.

"బాగున్న దాన్ని."

డ్రైవరు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. కానీ ఆ మనిషి గొంతు అతనికి నచ్చింది. బావిలోంచి వచ్చినట్టుంటుంది.

వాళ్ళ పద్ధతి ఒకటుంది. ఎవరి కథ వాళ్ళు చదవరు. పేరు రాయకుండా టైపు చేసిన కాగితాలు మడిచి ఒక దిండు గలీబులో వేస్తారు. చెయ్యి పెట్టి తీసినవాళ్ళు చదవాలి. తనదే చేతికొస్తే నోరెత్తకుండా లోపల వేసి ఇంకోటి తియ్యాలి. చదవడం అయ్యాక గదిలో ఉన్నవాళ్ళంతా అభిప్రాయం చెప్పాలి. అందరూ చెప్పాకే రాసినవాళ్ళు చెయ్యెత్తాలి. ఈ నియమం టీచరమ్మది. ముఖం చూస్తే మాట మెత్తబడుతుందని ఆమె నమ్మకం.

ప్రతి కథకీ ఆమె మొదటి ప్రశ్న కూడా ఒకటే. దయ్యానికి ఏం కావాలి?

"భయపెట్టడం కాదు," అంటుంది. "అది దాని పని. పని వేరు, కోరిక వేరు. ఏం కావాలో తెలియని దయ్యం దయ్యం కాదు, ఉత్త గాలి."

మొదటి కథ టీచరమ్మ చేతికే వచ్చింది. చచ్చిపోయిన అత్తగారు రోజూ మందుల షాపులోకి వచ్చి, కోడలు గోళీలు తప్పుగా ఇస్తోందని గొణిగే కథ. పాఠం చెప్పే గొంతుతో ఆమె, "ఒసేయ్, అది జ్వరం మాత్ర కాదే, నీ మొగుడు బట్టతలకి వాడేది," అని చదువుతుంటే డ్రైవరు కళ్ళనీళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.

"ఈ కథ ఎవరిదో చెయ్యెత్తక్కర్లేదనుకుంటా," అంది కూతురు.

"నాదే, నాదే," అంది మందుల షాపమ్మాయి సిగ్గుపడకుండా. "మా అత్తగారు చదవరు, అదే నా ధైర్యం. నవ్విస్తేగాని నాకు భయం రాయడం రాదండీ. నవ్వుతుండగా మెడ మీద చన్నీళ్ళు పడాలి, అదీ నా లెక్క."

"చన్నీళ్ళు ఇంకా పడలేదు. గోరువెచ్చగా ఉన్నాయి," అంది టీచరమ్మ.

"మీ దయ్యాల్లాగా చెప్పులు గుమ్మం బయట విడిచి, 'లోపలికి రావచ్చా అండీ' అని అడిగితే చన్నీళ్ళెక్కడ పడతాయి పిన్నిగారూ?"

"అడిగి వచ్చేదాన్ని పొమ్మనడం కష్టం. అందుకే అడిగిస్తాను."

"డ్రైవరన్నయ్యది ఇంకో రకం," అంది కూతురు. "రోజంతా రక్తంలో తిరుగుతాడా, కథలో ఒక్క చుక్క కారనివ్వడు."

"చూసేది చాలమ్మా. మళ్ళీ రాసుకోవడం కూడానా?" అన్నాడు డ్రైవరు. "నా కథల్లో ఉండేది ఖాళీ బండి. వెనక ఎవరూ లేరు. అయినా మలుపు తిప్పేటప్పుడు ఎందుకో నెమ్మదిగా తిప్పుతాను. అంతే."

మేస్త్రి వంటింట్లోంచి అంతా వింటున్నాడు. వినకూడదనుకుంటూనే వింటున్నాడు. ఖాళీ బండి మాట అతనికి ఎక్కడో తగిలింది. ఆ విసుగులో టీ కాచాడు. కప్పులు తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టాడు. వెనక్కి పోలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

డ్రైవరు గలీబులోంచి రెండో కథ తీశాడు. కాగితం విప్పి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

*

"ఈ ఇంట్లో దయ్యం పగలే వస్తుంది. నేను అద్దెకుండే గది వీధి వైపు కాదు, లోపలి వైపు. తలుపు మూస్తే చీకటి. తలుపు కింద మాత్రం ఒక వెలుగు గీత. బయట హాల్లో కిటికీ ఉంది, ఎండ అక్కడిది.

రాత్రంతా పనిచేసి వచ్చి పడుకుంటాను. నిద్ర పట్టబోతుంది. అప్పుడు ఆ గీత మూడు ముక్కలవుతుంది. రెండు చోట్ల వెలుగు ఆగిపోతుంది. అంటే తలుపు అవతల ఎవరో రెండు కాళ్ళ మీద నిలబడ్డారు.

తట్టరు. పిలవరు. ఒక దగ్గు కూడా దగ్గరు.

ఒక నీడ దట్టంగా ఉంటుంది. రెండోది పల్చగా. బరువంతా ఒక్క కాలి మీద వేసి నిలబడే మనిషి. ఇంటి ఓనరు అని నాకు తెలుసు. తెలిసినా భయం తగ్గదు. తెలియని వాడైతే దొంగ అనుకుని కేకలు పెట్టేవాణ్ణి. రోజూ నా చేతికి టీ గ్లాసు ఇచ్చే మనిషి. ఆయన్ని చూసి ఏమని కేక పెట్టను?

నేను ఊపిరి బిగబడతాను. నిద్రపోయానని అనుకుని వెళ్ళిపోతాడని ఆశ. కానీ ఊపిరి బిగబడితే నీడలు కదులుతాయి. వెనక్కి కాదు. ముందుకి. ఇంకా దగ్గరికి. తలుపు చెక్కకి ఏదో ఆనుకుంటుంది. చెవి అనుకుంటాను. నేను ఎంతసేపు ఊపిరి ఆపితే అంతసేపూ ఆ చెవి అక్కడే ఉంటుంది. ఇక ఆపలేక గుక్క తిప్పుకుంటాను. వెంటనే నీడలు వెళ్ళిపోతాయి. వచ్చిన పని అయిపోయినట్టు.

లేచి తలుపు తీస్తే హాల్లో ఎవరూ ఉండరు. ఎండ మాత్రం ఉంటుంది."

డ్రైవరు కాగితం మడిచాడు.  మందుల షాపమ్మాయి బిస్కెట్టు టీలో ముంచింది, తియ్యడం మరిచిపోయింది. అది విరిగి కప్పులో పడింది.

"చన్నీళ్ళంటే ఇవీ," అందామె. "నేనైతే తలుపు తెరిపించి పళ్ళూ గోళ్ళూ చూపించేసేదాన్ని. ఇందులో ఏమీ చూపించలేదు. ఎండ చూపించి భయపెట్టారు."

"ఊపిరి దగ్గర నేనూ గుక్క బిగబట్టాను," అన్నాడు డ్రైవరు.

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మంచి కథ. కానీ లోపం ఉంది. ఊపిరి బిగబడితే ఎందుకు దగ్గరికొస్తాడు? వదిలితే ఎందుకు పోతాడు? రాసినవాళ్ళకే తెలీదు. ఈ దయ్యానికి ఏం కావాలో తెలీకుండా రాసేశారు."

"భయం కావాలేమో పిన్నిగారూ. భయం వాసన చూసి తృప్తిగా పోతుందేమో."

"అది సినిమా మాట. ఇందులో మనిషి ఎవరో బాగా ఎరిగిన మనిషి. వాడి కోరిక కూడా ఎరిగి ఉండాల్సింది."

కూతురు తల వంచుకుని కప్పులోకి చూస్తోంది. 

"నువ్వు రాసిందేనా?" అని మేస్త్రి డ్రైవర్ని అడిగాడు. వాళ్ళ పద్ధతి తెలియక, ఆ గొంతులోంచి వచ్చింది కాబట్టి ఆ మనిషిదే అనుకున్నాడు.

"అది ఇప్పుడే చెప్పకూడదు బాబాయ్. ఇక్కడున్నవాళ్ళంతా ముందు అభిప్రాయం చెప్పాలి. మీరూ ఇక్కడే ఉన్నారు. చెప్పండి."

"నాకేం తెలుసు కథలూ అవీ."

"కథ వదిలెయ్యి అన్నయ్యా, ఆ మనిషి గురించి చెప్పు," అంది టీచరమ్మ.

మేస్త్రికి నిజంగానే ఒళ్ళు మండుతోంది. పొద్దుటి నుంచి మండుతున్నదంతా ఎవరో ఒకరి మీద పోయడానికి దారి దొరికింది.

"మనిషేంటి, వాడు మనిషా? పడుకున్నవాడి తలుపు దగ్గర నక్కి నిలబడతాడా? దొంగైతే దొంగతనం చేసుకుని పోతాడు. వీడు దొంగ కంటే హీనం. ఆ కుర్రాడు వెర్రిబాగులవాడు కాబట్టి పడి ఉన్నాడు. నేనైతే ఆ పూటే సామాను సర్దుకుని బయటపడేవాణ్ణి. అలాంటి కొంపలో నీళ్ళు కూడా తాగకూడదు."

"తీర్పు అయింది," అంది టీచరమ్మ. "ఇక చెయ్యెత్తండి."

కూతురు చెయ్యెత్తింది.

మేస్త్రికి ముందు అర్థం కాలేదు. "నువ్వా? అలాంటి ఇల్లు నువ్వెక్కడ చూశావు?"

ఆమె తండ్రి ముఖంలోకి చూడలేదు. అతని కాళ్ళ వైపు చూసింది. అతనూ చూసుకున్నాడు. హాలు కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. అతని నీడ అందులో ఉంది. ఎప్పుడో లిఫ్టు గోతిలో పడి ఎడమ మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి కుడికాలి మీదే బరువు మోపి నిలబడతాడు. ఎడమకాలు ఊరికే నేలని తాకుతూ ఉంటుంది. కుడివైపు నీడ దట్టంగా ఉంది. ఎడమది పల్చగా ఉంది.

కూతురి గది తలుపు ఎదురుగానే ఉంది. దాని కింద వేలెడు సందు. ఆ తలుపుని అతను ఎప్పుడూ ఇవతలి నుంచే చూశాడు. పనిచేసిన రోజుల్లో లోపలి నుంచే, లిఫ్టు తలుపు కింది వెలుగులో జనం కాళ్ళు చూసి వచ్చింది వాచ్‌మనో, మేనేజరో చెప్పేసేవాడు. తన కాళ్ళూ అలా కనిపిస్తాయని మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

అతను వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

*

ముఠా ఎక్కువసేపు కూర్చోలేదు. డ్రైవరుకి హఠాత్తుగా డ్యూటీ గుర్తొచ్చింది. మందుల షాపమ్మాయికి షాపు గుర్తొచ్చింది. టీచరమ్మ ఒక్కతే వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"నాకు తెలీదన్నయ్యా. అది మీ ఇల్లని తెలిస్తే నిన్ను అడిగేదాన్ని కాదు."

"ఇప్పుడు తెలిసిందిగా. వెళ్ళు."

"వెళ్తాను. కానీ నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పు దానికి. వదిన పోయినప్పటి నుంచి నువ్వు మాట్లాడింది స్క్రూలతోనే."

ఆమె వెళ్ళింది. ఇల్లు చల్లబడింది. కూతురు గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద పెట్టె, పెట్టెలో సగం బట్టలు. మేస్త్రి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడ్డానని తెలిసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నలుగురిలో నన్ను దయ్యాన్ని చేశావు."

"నీ పేరు పెట్టలేదు."

"పేరు పెట్టకపోతే మాత్రం? కన్నతండ్రిని బజారుకెక్కించి చప్పట్లు కొట్టించుకున్నావు."

"తీర్పు చెప్పింది నేను కాదు నాన్నా. నువ్వే. సామాను సర్దుకుని పొమ్మన్నావు. సర్దుకుంటున్నాను."

"అడగొచ్చుగా? నోరు లేదా?"

"అడగలేదా?" ఆమె చేతిలోని చీర మంచం మీద పడింది. "తలుపు తీసి ఎన్నిసార్లు అడిగాను, ఏంటి నాన్నా అని? ఏం లేదు, ఏం లేదు. అంటూనే వంటింట్లోకి. కాసేపటికి గిన్నె. నాకేమన్నా పిచ్చా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. కాపలా కాస్తున్నావు. నిద్రపోతున్నానా, ఫోన్లో మాట్లాడుతున్నానా, దొంగచాటుగా కథలు రాస్తున్నానా. పాతికేళ్ళు దాటినదాన్ని, నాకు కాపలా!"

"కాపలా కాదు."

"మరేంటి? ఊపిరి బిగబడితే దగ్గరికొస్తావే, ఎందుకు? అత్త అడిగినప్పుడు నిజంగానే నా దగ్గర జవాబు లేదు. ఏం కావాలి నీకు?"

అతను నీళ్ళు నమిలాడు.  ఆ మౌనం చూసి ఆమెకి ఇంకా మండింది. రెండేళ్ళుగా మింగిన మాట బయటికొచ్చింది.

"అమ్మకి పనికిరాని కాపలా నాకెందుకు? ఆ రోజు మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉన్నావు. ఒక్కసారి తలుపు తీసి చూశావా? పక్కగదిలో ప్రాణం పోతుంటే హాల్లో కూర్చున్నావు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చల్లబడిపోయి ఉంది. నువ్వు మాత్రం మంచం పక్కన టీ కప్పు పెట్టుకుని కూర్చున్నావు."

ఆ మాటకి మేస్త్రి ఒంటికాలి మీద లేస్తాడనుకుంది. అతను లేవలేదు. అక్కడే గుమ్మంలో, నేల మీద కూలబడ్డాడు.

"నాలుగు రాత్రుల నుంచి దగ్గుతో దానికి నిద్ర లేదు," అన్నాడు. "ఆ పూట అన్నం తిని, 'కళ్ళు మూతలు పడుతున్నాయి, చప్పుడు చెయ్యకండి' అంది. అంతే అంది. తలుపు దగ్గరకి వేసుకుంది."

కూతురు నిలబడే ఉంది.

"హాల్లో ఫ్యాను కిర్రుమంటుంది కదా. ఆపేశాను. ఉక్కలో కూర్చున్నాను. ఫోను మోగింది, దిండు కింద కుక్కాను. పార్సిలు కుర్రాడు బెల్లు కొట్టబోతుంటే పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మేడ మీది పిల్లలు మెట్ల మీద గెంతుతుంటే బిస్కెట్లిచ్చి పార్కుకి తోలాను. నీళ్ళు తాగాలంటే కుండ మీద మూత చప్పుడవుతుందని తాగలేదు. చెప్పుల్లేకుండా, మునివేళ్ళ మీద తిరిగాను. నా మోకాలితో."

అతను ఆ మోకాలిని చేత్తో రుద్దుకున్నాడు. 

"ఇన్నాళ్ళకి హాయిగా పడుకుందే అని ఎంత సంతోషమో నాకు. సాయంత్రం టీ నేనే కాచి తీసుకెళ్ళాను. లేపుదామని." అతను అరచేత్తో మూతి తుడుచుకున్నాడు. "ఎప్పుడు పోయిందో తెలీదు. నేను ఫ్యాను ఆపినప్పుడు ఉందో లేదో. పార్సిలు వాడి చెయ్యి పట్టుకున్నప్పుడు ఉందో లేదో. పోయినదాని నిద్ర చెడకుండా పొద్దుగూకే దాకా కాపలా కాశానమ్మా."

బయట ఎవరో స్కూటరు ఆపారు, మళ్ళీ నడుపుకుంటూ పోయారు.

"నువ్వు రాత్రి డ్యూటీ అడిగి వేయించుకున్నావు. పగలు పడుకోవడం మొదలుపెట్టావు. అలాగే మూసిన తలుపు, అదే పొద్దు. ఇల్లంతా అలాగే సద్దుమణిగిపోతుంది. నాకు హాల్లో కాలు నిలవదు. వెళ్ళి వింటాను. ఊపిరి వినిపిస్తే వచ్చేస్తాను. ఒక్కోసారి ఏమీ వినపడదు. చెవి ఆనిస్తాను. అప్పటికీ వినపడదు. అప్పుడు…" అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "తలుపు తీస్తే నీకు మెలకువొస్తుంది. ఏం చెప్పను? బతికున్నావో లేదో చూడ్డానికొచ్చానని కన్నకూతురితో ఎలా అంటాను? గిన్నె పడేస్తే నువ్వే లేచి తిడతావు. తిట్టు వినపడితే చాలు."

కూతురు మెల్లగా మంచం అంచున కూర్చుంది. ఆమె ముఖంలో రంగు లేదు. ఎంతోమంది ఛాతీలు ఎక్స్‌రే తీసింది. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి అని రోజుకి లెక్కలేనన్నిసార్లు చెబుతుంది. ఆ మాటలు ఇప్పుడు ఆమెకే ఎదురుతిరిగి వచ్చాయి.

"నేను ఊపిరి బిగబట్టినప్పుడల్లా…" అంది.

అతను తలూపాడు.

"నీకు భయపడి బిగబట్టేదాన్ని నాన్నా. నువ్వు దగ్గరికి వచ్చే కొద్దీ ఇంకా బిగబట్టేదాన్ని. ఎంతసేపు ఆపగలనో అంతసేపు ఆపేదాన్ని."

"తెలుసు. అది చాలా సేపు."

ఆమె పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. తలుపు చెక్కకి ఇవతల ఆమె వణికింది, అవతల అతను వణికాడు. తను గుక్క ఆపిన ప్రతిసారీ అవతల ఒక మనిషి భార్యని మళ్ళీ పోగొట్టుకున్నాడు. ఏడాదిగా, దాదాపు రోజూ. ఆ సంగతి తెలియకుండా దాన్ని అందంగా పేర్చి, ఎండ పెట్టి, చదివించి, నలుగురి చేత బాగుందనిపించుకుంది.

లేచి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. తల అతని భుజానికి ఆనించి ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఆ విద్య అతనికి రాదు. ఆమె వెక్కుతుంటే ఆ వెక్కుల మధ్య ఊపిరి చెవినిండా విన్నాడు.

"కథ చించేస్తాను," అందామె కాసేపటికి.

"ఎందుకు? బాగుంది కదా. వాడు ఉత్త దుర్మార్గుడని నేనే ఒప్పుకున్నాను."

"నవ్వించకు నాన్నా. అత్త అడిగిందానికి ఇప్పుడు జవాబు రాయాలి."

"రాస్తే రాసుకో. కానీ మీ అత్తకి ముందుగా చెప్పకు. నేను చెప్పలేదా అని నాలుగు రోజులు క్లాసు పీకుతుంది."

ఆమె ముక్కు తుడుచుకుంది. పెట్టె వైపు చూసింది. లేచి, దాని మూత మూసి మంచం మీంచి కిందికి దింపింది. బట్టలు మాత్రం బయటికి తియ్యలేదు.

"ఉంటావా?" అన్నాడు.

"నెలాఖరు దాకా చూస్తాను. మాటిచ్చేశానని అనుకోకు. నాకు నిద్ర కావాలి నాన్నా, నిజంగా. పిచ్చెక్కుతోంది నిద్ర లేక."

"సరే. తలుపు దగ్గరికి రాను."

"రాకుండా ఉండగలవా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఉండలేను."

"అయితే నిలబడొద్దు. పిలువు. నీ కుర్చీలోంచే, నోరు తెరిచి పిలువు. పలుకుతాను."

"నిద్ర చెడుతుందిగా."

"చెడితే చెడనీ. మళ్ళీ పడుకుంటాను. నీడ చూసి లేవడం కంటే నయం."

ఆమె పడుకుంది. తలుపు మూసుకుంది. మేస్త్రి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. పేపరు చేతిలోకి తీసుకున్నాడు, పక్కన పెట్టాడు. ఇల్లు సద్దుమణిగింది. ఎండ కిటికీ దిగి నేల మీద పాకుతూ వచ్చింది. లోపల ఉలుకూ పలుకూ లేదు. అతని కుడికాలు తనంతట తనే లేవబోయింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.  

"అమ్మాయ్!"

జవాబు లేదు. అతను సగం లేచి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మాయ్!"

"ఆఁ," అంది లోపలి నుంచి, నిద్రలో నానిన గొంతు. "ఉన్నాను నాన్నా. ఇక్కడే ఉన్నాను. కాసేపు పడుకోనీ."

ఆ విసుగుని మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. చెంపల మీద కారుతున్నదాన్ని తుడుచుకోలేదు.

"పడుకో," అన్నాడు. "పడుకో తల్లీ."